రేడియో ఏడ్చిన శనివారం

వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఆయనది. కత్తెర చేతిలోకి రాగానే నోరూ తెరుచుకునేది. తల పని పూర్తయ్యేలోగా వీధిలో జరిగినవీ జరగబోయేవీ అన్నీ చెప్పేసేవాడు. అందుకే అందరూ ఆయన్ని రేడియో అనేవారు. తన అసలు పేరు పెళ్ళి శుభలేఖ మీద తప్ప ఇంకెక్కడా కనబడలేదని ఆయనే నవ్వుతూ అనేవాడు.

సెలూన్ వెనక సగం గదిలో ఆయన భార్య బట్టలు కుట్టేది. మధ్యలో ఒక పూల గుడ్డ తెర. ఇటు ఈయన కథ మంచి పట్టులో ఉండగా అటు కుట్టుమిషను చప్పుడు ఆగేది.

"అది పోయినేడు కాదండీ, అంతకు ముందేడు. ఆయన పడింది కూడా సైకిల్ మీంచి కాదు, మెట్ల మీంచి," అనేది ఆవిడ.

"చూశారా, రేడియోకి సెన్సారు కూడా ఉంది," అనేవాడు ఈయన. కుర్చీలో మనిషి తల కదిలిపోయేంతగా నవ్వేవాడు. మిషను మళ్ళీ నడిచేది.

అలా ఇరవై ఆరేళ్ళు గడిచాక ఆవిడకి మూత్రపిండాలు పాడయ్యాయి. ఎనిమిది నెలల వైద్యం. రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తకముందు ఇద్దరూ మోకాళ్ళూని ప్రార్థన చేసుకునేవారు. బాగవుతుందని రేడియోకి రవ్వంత సందేహం లేదు. ఆవిడ మాత్రం, "బాగైతే మంచిదే. కాకపోయినా ప్రభువు దగ్గరికేగా వెళ్ళేది. మీరు వేళకి తింటే చాలు," అనేది. వాన పడుతున్న ఒక మంగళవారం పొద్దున, ఆసుపత్రిలో, ఆయన దుప్పటి సర్దుతుండగానే ఆవిడ ఊపిరి ఆగిపోయింది.

సమాధి దగ్గర రేడియో ఏడవలేదు. ఏడ్చేవాళ్ళ భుజం తట్టాడు. లేచి నిలబడి, మళ్ళీ కలుసుకుంటాం కాబట్టి తనకి దిగుల్లేదని సాక్ష్యం చెప్పాడు. మధ్యలో ఒక చిన్న జోకు కూడా వేశాడు. సంఘ పెద్ద ఒకాయన చెయ్యి పట్టుకుని, "విశ్వాసమంటే నీదయ్యా," అన్నాడు. ఆ మాట నలుగురి నోటా పడింది. ఇక రేడియో ఏడుద్దామన్నా వీల్లేకుండా పోయింది.

ఆయనకి ఒక్కతే కూతురు. పెళ్ళై అదే ఊళ్ళో ఇంకో చివర ఉంటూ పార్సిల్ ఆఫీసులో పనిచేసేది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆ పిల్ల తలెత్తి చూసేసరికి, తండ్రి వచ్చినవాళ్ళని టీ తాగారా అని అడుగుతున్నాడు. అమ్మ పోయినందుకు నాన్నకి బాధే లేదనుకుంది. మొదట ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత ఫోన్లే. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." అంతే.

ఒకరోజు సెలూన్లో ఏదో పాత సంగతి మొదలుపెట్టాడు. ఏ ఏడు జరిగిందో చెప్పే చోటికి వచ్చి, అలవాటుకొద్దీ ఆగాడు. తెర వెనకనుంచి ఏమీ రాలేదు. అది పోయినేడో అంతకు ముందేడో నిజంగానే గుర్తు రాలేదు. కథ అక్కడే వదిలేశాడు. ఆ రోజునుంచి కత్తెర ఒక్కటే మాట్లాడింది. "రేడియోకి బ్యాటరీ అయిపోయిందే," అని కొన్నాళ్ళు వేళాకోళమాడినవాళ్ళు తర్వాత అదీ మానేశారు. చర్చిలో పెదాలు కదిపేవాడు గానీ పాట బయటికి వచ్చేది కాదు. ఇంట్లో మోకాళ్ళూనితే ఒక్క మాట పలికేది కాదు. తన విశ్వాసమే చచ్చిపోయిందేమోనని లోలోపల హడలిపోయాడు. అందరికీ ఆదర్శమై కూర్చున్నాక ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటాడు?

అలా ఆవిడ పోయి పదకొండు నెలలైంది.

మంచం పట్టిన లెక్కల మాస్టారికి ఆయన శనివారం శనివారం ఇంటికి వెళ్ళి గడ్డం గీసేవాడు. చిన్నప్పుడు తనకి చదువు చెప్పిన మాస్టారు. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆ శనివారం ఎడమ చెంప అయింది. కుడి చెంప నిండా నురగ ఉంది.

"మీ ఆవిడ పోయినప్పుడు నువ్వు ఏడవలేదటగా," అన్నాడు మాస్టారు.

"విశ్వాసికి ఏడుపెందుకండీ? మళ్ళీ కలుసుకుంటాం కదా."

"ఎవడు చెప్పాడ్రా నీకు? ప్రభువు తన స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడా లేదా?"

"ఏడ్చాడండీ."

"ఇంకాసేపట్లో వాణ్ణి బతికించి బయటికి పిలుస్తానని ఆయనకి తెలుసా తెలీదా?"

"తెలుసండీ."

"తెలిసే ఏడ్చాడు. మరి నీ విశ్వాసం ఆయన విశ్వాసం కంటే పెద్దదా? ఈ లెక్క ఎలా వచ్చిందో చెప్పు."

రేడియో జవాబు చెప్పబోయాడు. కత్తి జాగ్రత్తగా గిన్నెలో పెట్టి, మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. పదకొండు నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మాస్టారు ఓదార్చలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు. చెయ్యి చాపి ఆయన తల మీద ఉంచాడు. చాలాసేపటికి మాత్రం మెల్లిగా అన్నాడు.

"నురగ ఎండి మొహం దురద పెడుతోందిరా. అయినా ఫర్వాలేదు, నువ్వు కానివ్వు."

రేడియో తలెత్తి చూశాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప సున్నం కొట్టిన గోడలా ఉంది. ఏడుస్తూనే ఫక్కున నవ్వాడు. మాస్టారూ నవ్వాడు. అప్పుడు తెలిసింది రేడియోకి, గుండె మీది బండ ఎవరో పక్కకి జరిపినట్టు ఊపిరి అడుగుదాకా దిగుతోందని. "ప్రభువా," అన్నాడు. ఆ ఒక్క మాటే. కానీ చాలాకాలానికి అది గాలికి పోకుండా ఎవరికో చేరినట్టనిపించింది.

మిగతా గడ్డం పూర్తిచేసి, తిన్నగా బస్సెక్కి పార్సిల్ ఆఫీసుకి వెళ్ళాడు. కూతురు కౌంటర్ వెనక పెట్టెలకి చీటీలు అంటిస్తోంది. ఉబ్బిపోయిన తండ్రి కళ్ళు చూసి కంగారు పడింది.

"ఏమైంది నాన్నా?"

"మీ అమ్మ చచ్చిపోయిందే తల్లీ," అన్నాడు, ఆ కబురు అప్పుడే తెలిసినవాడిలా.

ఆ పిల్ల చేతిలో చీటీ చేతిలోనే ఉండిపోయింది. కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి తండ్రిని పట్టుకుంది. వరసలో ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి, "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నా నాన్నా," అంది.

"నేనూ నీతో ఉండాల్సింది. గొప్ప విశ్వాసినైపోయి నిన్నొక్కదాన్నీ వదిలేశా."

ఆ రోజు సెలవు పెట్టి తండ్రితో ఇంటికి వెళ్ళింది. ఆవిడ పోయాక మొదటిసారి ఇద్దరూ ఆవిడ అల్మారా తెరిచారు. సగం కుట్టిన జాకెట్లు నాలుగు కనబడ్డాయి. ఏ జాకెట్ ఎవరిదో తేల్చలేక, వాటిలో ఒకటి ఎంత పెద్దదో చూసి నవ్వుకుని, మళ్ళీ ఏడ్చి, ఆకలేసి వండుకు తిన్నారు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. రేడియో మళ్ళీ మోగుతోంది. సోమవారాలు సెలూన్ మూసి, సంచీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్తాడు. లేవలేని రోగులకి గడ్డం గీస్తాడు, వాళ్ళు అడిగితే ప్రార్థన చేస్తాడు. ఎవరైనా ఏడిస్తే ఊరుకోమనడు. సంచీలో తువ్వాళ్ళు మాత్రం రెండు ఎక్కువ పెట్టుకుంటాడు.

మొన్న, ఈమధ్యే అన్నని పోగొట్టుకున్న ఒక మెకానిక్ కుర్చీలో కూర్చుని అడిగాడు. "నిజం చెప్పండి బాబాయ్. మీకిప్పుడు బాధ లేదా?"

"ఎందుకు లేదూ? నిన్న కూడా ఏడ్చా."

"మరి ఇంత సంతోషంగా ఎలా ఉంటారు?"

రేడియో దువ్వెన ఆపాడు. "ఏడ్చేటప్పుడు నా పక్కన ప్రభువు ఉంటాడురా అబ్బాయ్. ఆయన ఉంటే సంతోషం బయటికి పోదు. అది తెలియక ముందు దాన్ని గట్టిగా పట్టుకుని చేతులు నొప్పెట్టాయి. ఇప్పుడు నేను పట్టుకోవడం లేదు. అదే ఉంటోంది. సరేగానీ, తల కాస్త ముందుకి వంచు."

అతను తల వంచాడు. కళ్ళలోంచి నీళ్ళు ఒళ్ళోని గుడ్డ మీద పడుతుంటే, రేడియో తొందరేమీ లేకుండా మెడ మీది జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాడు.