మచ్చ తీసేసిన ఫోటో

బజారు మలుపులో ఉన్న ఫోటో స్టూడియోలో పనిచేసే అతన్ని అందరూ 'టచింగ్' అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని ఇంట్లో సొంత అక్క కూడా ఎప్పుడో మర్చిపోయింది. మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు, సరిగ్గా గీసుకోని గడ్డం... కంప్యూటర్లో మొహం తెరిచాడంటే చాలు, అన్నీ మాయం. చెయ్యి అంతగా తిరిగిపోయింది. గల్లాపెట్టె దగ్గర ఓనరు ఎవరితోనో గొడవ పడుతుంటే, ఇతను ఆ గొడవ వింటూ, నవ్వుతూ, మధ్యలో తనూ ఓ మాట విసురుతూ మొహాలు తుడిచి అవతల పడేసేవాడు. జనం కూడా అలాగే ఏడ్చారు లెండి. ఉన్న మొహం ఉన్నట్టు వస్తే ఒప్పుకునేవాడెవడు? "ఏమయ్యా, నేనిలా ఉంటానా?" అని కయ్యానికొస్తారు. అలాగే ఉంటారు మరి! ఆ మాట మొహాన అనలేక టచింగ్ చేసి ఇచ్చేవాడు.

ఇతగాడికో మనిషి ఉంది. పెళ్ళాం అనడానికి కాగితం లేదు, కాదనడానికి మనసొప్పదు. కొన్నేళ్ళు పరాయి దేశంలో ఒక పెద్ద హోటల్లో, కింది అంతస్తు ఫోటో కొట్లో పనిచేశాడు. పక్కనే హోటలు బట్టలు ఉతికే గది. అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేసేది ఆమె. ఆ దేశం ఆమెదీ కాదు, ఇతనిదీ కాదు. ఇద్దరిదీ ఒకే దేశమా అంటే అదీ కాదు. పొట్ట చేత పట్టుకుని చెరో దిక్కు నుంచీ వచ్చి అక్కడ పడ్డారు. అక్కడి మాట ఇద్దరికీ సగం సగమే వచ్చు. మిగతా సగానికి ఇతను తన భాష నేర్పాడు. ఆమె మొదట నేర్చుకున్న మాట "ఏవండోయ్". తర్వాత "తిన్నావా". ఆ తర్వాత "నోర్ముయ్". ఈ మూడూ వస్తే కాపురానికి ఢోకా లేదని ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

ఆమె ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. చిన్నదేం కాదు, సిరాలో బొటనవేలు ముంచి అద్దినంత. కొత్తలో జుట్టంతా ఆ బుగ్గ మీదికి లాక్కుని తిరిగేది. ఒకసారి గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికి ఇతని కొట్టుకొచ్చి, కుర్చీలో కూర్చుని కుడి బుగ్గ చూపించింది. "ఇటు తిరుగమ్మా. సగం మొహం ఏం చేసుకుంటారు?" అన్నాడు టచింగ్. జుట్టు వెనక్కి కట్టుకోమని రబ్బరు బ్యాండు తనే ఇచ్చాడు. ఫోటో తీసి, ఏమీ చెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు చేతిలో పెట్టాడు. "బాగుంది. దీన్ని దాచకు," అన్నాడు. తన మచ్చ గురించి ఒక మగాడు అలా అనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మర్నాటి నుంచీ జుట్టు ముడేసుకునే పనిలోకి వచ్చింది. ఆ ఫోటోని ఇస్త్రీబల్ల ఎదురుగా గోడకి అంటించుకుంది. అదీ వీళ్ళ కథ మొదలు. కాబట్టి తర్వాత జరిగిన దానికి ఎవర్ని తిట్టాలో మీరే చెప్పండి.

హోటలు మూతపడింది. పనివాళ్ళందర్నీ ఎవరి దేశానికి వాళ్ళని పంపించేశారు. ఇతను అక్క ఇంటికి చేరి బజారు మలుపులో పని వెతుక్కున్నాడు. ఆమె తన దేశంలో ఒక ఆసుపత్రి బట్టలు ఉతికేచోట చేరింది. ఇక రోజూ ఫోనే కాపురం. పొద్దున స్టూడియో షట్టరు ఎత్తకముందు మెట్ల మీద కూర్చుని వీడియోలో మాట్లాడేవాడు. ఆమె మొహం తెర నిండా, మచ్చతో సహా, నవ్వుతూ ఉండేది.

"పెళ్ళి చేసుకుందాం, వచ్చెయ్," అన్నాడు టచింగ్.

"వస్తాను. కానీ ముందు ఒకసారి చూడ్డానికి వస్తాను," అంది ఆమె. ఆమె సగం మాటల్ని మనం పూర్తి చేసి చెప్పుకోవాలంతే. "మీ ఇల్లు చూడాలి. మీ అక్క నన్ను చూడాలి. ఆవిడ నా మొహం చూసి లోపలికి రమ్మంటే, అప్పుడు ఉద్యోగం మానేసి వస్తాను. చూడకుండా ఉన్నది వదులుకోను, ఏవండోయ్."

అందులో తప్పేముంది? కడుపు మాడిన మనిషి అడగాల్సిన మాటే అడిగింది. ఆసుపత్రి వాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే ఒక్కసారికి సెలవిస్తామన్నారు. మళ్ళీ అడిగితే ఇక రానక్కర్లేదన్నారు. అంటే ఆ ఒక్క ప్రయాణమే. దాని కోసం టూరిస్టు వీసా కావాలి.

టచింగ్ వీసా ఏజెంటు దగ్గరికెళ్ళాడు. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతుంటే కాగితాలెగరకుండా ప్రతి దొంతర మీదా ఒక టీ గ్లాసు బోర్లించి ఉంది.

"ఈవిడ మీకేమవుతారు?" అన్నాడు ఏజెంటు.

"భార్యేనండీ."

"పెళ్ళి సర్టిఫికెట్టుందా?"

"అది ఆవిడొచ్చాక..."

"అంటే ఏమీ అవరన్నమాట. స్నేహితురాలని రాస్తున్నా."

"స్నేహితురాలేంటండీ! ఏళ్ళ తరబడి నా చొక్కాలు ఇస్త్రీ చేసింది!"

"చొక్కాలు ఇస్త్రీ చేసినట్టు ఎవరైనా సర్టిఫికెట్టిస్తే పట్రండి, పెడదాం," అని ఏజెంటు నవ్వాడు. టచింగ్‌కి తల కొట్టేసినట్టయింది, కానీ అవసరం తనది. ఇంటి అద్దె కాగితం, కరెంటు బిల్లు, అక్క సంతకం, స్టూడియో ఓనరు సంతకం... ఒకటి తెస్తే ఇంకోటి అడిగేవాడు మహానుభావుడు. కాళ్ళరిగేలా తిరిగాడు. "ఏమయ్యా, నీ పెళ్ళానికి నేనెందుకు హామీ ఉండాలి?" అని విసుక్కుంటూనే ఓనరు సంతకం గిలికాడు.

ఇక అక్క. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి సాకింది ఆవిడే. చిన్నప్పుడే ఒక కాలు పొట్టిదైపోయి కుంటుతుంది గానీ, నోటికి మాత్రం ఏ లోటూ లేదు. మొదట ఒంటికాలి మీద లేచింది. "ఊరూ పేరూ తెలియని మనిషి! మాటైనా తెలియదు, నేను దానితో చేతులు ఊపుతూ కాపురం చెయ్యాలిరా?" అని ఇల్లు పీకి పందిరేసింది. అప్పుడు టచింగ్ ఫోన్లో ఫోటో చూపించాడు. అక్క కళ్ళజోడు వెతుక్కుని, ఫోను దగ్గరికి, దూరానికి జరిపి చూసింది.

"పిల్ల బాగానే ఉందిరోయ్. మొహాన ఎక్కడా చిన్న చుక్కైనా లేదు," అంది.

అంతే, మెత్తబడిపోయింది. ముందుగదిలోంచి కుట్టుమిషను తీయించేసి మంచం వేయించింది. బావ చేత కిటికీకి కొత్త గడియ పెట్టించింది. వీడియోలో మాట్లాడమంటే మాత్రం, "ఆ భాష నాకేం వచ్చు, ఎదురుపడ్డాక చూసుకుంటాంలే," అని తప్పించుకునేది. టచింగ్ కూడా బలవంతపెట్టలేదు.

వీసాకి ఫోటో కావాల్సి వచ్చింది. తెల్లటి వెనకగోడ, రెండు చెవులూ కనపడాలి, నీడ పడకూడదు. "మనింట్లోనే ఫోటోలాయన ఉండగా నేను కొట్టుకెళ్ళడం ఎందుకు?" అని ఆమె ఫోన్లో తీసుకుని పంపింది. దరఖాస్తంతా కంప్యూటర్లోనే పంపాలి. అందులోని భాష ఆమెకి రాదు కాబట్టి ఇక్కణ్ణుంచి టచింగే పంపాలి. ఆమె చెయ్యాల్సిందల్లా పాస్‌పోర్టూ, దరఖాస్తు నంబరూ పట్టుకుని వాళ్ళ రాజధానిలో ఉన్న వీసా ఆఫీసుకి వెళ్ళడమే.

ఆ మధ్యాహ్నం స్టూడియోలో జనం కిటకిటలాడుతున్నారు. పరీక్షల పిల్లలు హాల్‌టికెట్టు ఫోటోలకి ఎగబడ్డారు. టచింగ్ ఆమె ఫోటో తెరిచాడు. వెనకగోడ తెల్లగా చేశాడు. మెడ పక్కన నీడ తీశాడు. ఇంతలో ఓనరు, "ఆ చివరి కుర్రాడికి కాలరు సరిచెయ్యవయ్యా!" అని అరిచాడు. "చేస్తున్నానండీ, ఉన్నది రెండు చేతులేగా!" అని ఇతనూ అరిచాడు. అరుస్తూనే పని కానిచ్చాడు. పంపించేశాడు. పంపాక ఆమెకి ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా మహారాణీ, ఇక బయల్దేరడమే," అన్నాడు.

వీసా ఆఫీసు పిలిచిన రోజున ఆమె బస్సులో కూర్చుని రాజధానికి వెళ్ళింది. టచింగ్ ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు. భోజనం డబ్బా తెరవలేదు. సాయంత్రానికి ఫోన్ మోగింది. మోగింది గానీ వీడియో లేదు, మాట ఒక్కటే.

"ఇవ్వలేదు," అంది ఆమె.

"ఇవ్వకపోవడమేంటి? ఏ కాగితం తక్కువైంది? ఆ ఏజెంటుగాణ్ణి..."

"కాగితాలన్నీ ఉన్నాయి. కంప్యూటర్లో ఫోటో తెరిచి నా వైపు తిప్పారు. ఈవిడెవరు అని అడిగారు. నాకూ తెలియలేదు. మా చెల్లెలి ఫోటో పొరపాటున పెట్టావేమో అనుకున్నాను."

టచింగ్ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి ఆ ఫోటో తెరిచాడు. ఎడమ బుగ్గ నున్నగా ఉంది. తను తీసినట్టు గుర్తే లేదు. ఆ కుర్రాడి కాలరు, ఓనరు అరుపు, అన్నీ గుర్తున్నాయి. ఇది మాత్రం గుర్తులేదు.

"పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూశారు," ఆమె చెప్పుకుపోతోంది. "నా మొహం చూశారు. ఇంకో ఆయన్ని పిలిచి చూపించారు. ఆయన లైటు వేసి బుగ్గ దగ్గరికొచ్చి చూశాడు. వరసలో వెనకున్న వాళ్ళందరూ చూశారు. ఫోటో మార్చి మోసం చేశామని రాశారు. ఇప్పట్లో మళ్ళీ అడగడానికి లేదన్నారు."

"అలవాటు... అలవాటులో చెయ్యి పోయింది. నీ మీద ఒట్టు. పొద్దున లేస్తే అదే పని కదా, చూసుకోలేదు..."

ఫోన్లో బస్టాండు చప్పుడు వినిపించింది.

"సరే. అలవాటే అనుకుంటాను. ఒకటి చెప్పు. మీ అక్కకి ఒక ఫోటో చూపించానన్నావు. అందులో నాకు మచ్చ ఉందా?"

అందులో మచ్చ లేదు. దానికి చేతి అలవాటు అనే సాకు లేదు మరి. ఆ ఫోటోని ఒకనాడు స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు, తలుపు దగ్గరికేసి, కుదురుగా కూర్చుని, బుగ్గ రంగు ఎక్కడా తేడా రాకుండా దిద్దాడు. అక్క ఏమంటుందోనని. ముందు ఒప్పుకోనీ, తర్వాత చూసుకోవచ్చులే అని.

"నోర్ముయ్," అంది ఆమె, అతనేమీ అనకుండానే. పెట్టేసింది.

ఆ రాత్రి అక్కకి చెప్పక తప్పలేదు. వీసా రాలేదన్నాడు, ఎందుకన్నదీ చెప్పాడు, అసలు ఫోటో చూపించాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూసి, ఫోను బల్ల మీద పెట్టి, తమ్ముడి వైపు తిరిగింది.

"మచ్చేగా! దీనికా?" అంది. "ఓరి దౌర్భాగ్యుడా, మీ బావ నన్ను చూడ్డానికొచ్చినప్పుడు నేను ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మం దాకా కుంటుకుంటూ నడిచానురా. కావాలనే నడిచాను. చూసుకునే చేసుకున్నాడు. నేనా పిల్లని మచ్చ చూసి కాదంటానా? నన్నింత నీచంగా అనుకున్నావా నువ్వు?"

టచింగ్ అక్క మనసు అడగనైనా అడగలేదు, అక్క మీదికి నెట్టేసి తన సిగ్గు తను దాచుకున్నాడు. అది ఆ పూట తెలిసింది. తెలిసి ఏం లాభం? అక్క అన్నం పెట్టి వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. కుట్టుమిషను మళ్ళీ ముందుగదిలోకి వచ్చేసింది.

ఇటు ఫోన్ మాటలూ అలాగే అయ్యాయి. ఆమె ఎత్తేది, "తిన్నావా" అనేది, ఇతను తిన్నానంటే పెట్టేసేది. వీడియో మాత్రం పెట్టేది కాదు. "ఒక్కసారి మొహం చూపించు," అని ఎన్నిసార్లు బతిమాలినా, "లైటు బాలేదు," అనేది. ఇతను మళ్ళీ ఏజెంటు చుట్టూ తిరిగాడు, వీసా ఆఫీసుకి క్షమాపణలు రాయించాడు. గడువు తీరాక మళ్ళీ చూద్దామన్నారు. దాన్నే పట్టుకుని వేలాడాడు. "గడువు తీరగానే పెడదాం, ఈసారి ఫోటో నువ్వే తీయించుకో, నేను ముట్టుకోను," అని ఆమెకి చెప్పాడు. ఆమె ఊఁ అంది.

గడువు దగ్గరపడుతుండగా ఒక పొద్దున, స్టూడియో మెట్ల మీద ఉండగా, ఫోన్ మోగింది. వీడియో! టచింగ్‌కి ప్రాణం లేచొచ్చింది. చొక్కా సరిచేసుకుని ఎత్తాడు.

తెర నిండా ఆమె మొహం. జుట్టు వెనక్కి ముడేసుకుంది. ఎడమ బుగ్గ నున్నగా ఉంది. మచ్చ ఉండాల్సిన చోట కుట్లు ఆరిన సన్నటి ఎర్రగీత ఒకటి, అంతే.

"ఏవండోయ్," అంది. "టిక్కెట్టుకని దాచుకున్నది డాక్టరుకిచ్చేశాను. మా ఆసుపత్రే కదా, కాస్త తగ్గించారు. ఇప్పుడు నీ ఫోటోలాగే ఉన్నానా?"

ఏదైనా అనాల్సింది. ఎందుకు చేశావే అని ఏడవాల్సింది. క్షమించమని అడగాల్సింది. ఆ దౌర్భాగ్యుడి నోట వచ్చింది ఏమిటంటే, "మరి పాస్‌పోర్టులో మచ్చ ఉందిగా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు అతను ఎరిగిన నవ్వు కాదు.

"ఉంది. ఉండనీ. అది చూపించి నేనెక్కడికీ వెళ్ళేది లేదు," అంది. ఆ తర్వాతి మాటలు అతని భాషలోనే, తడుముకోకుండా అంది. ఎన్నాళ్ళు నేర్చుకుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో. "ఈ గీత ఒక్కటే మిగిలింది. నీకు వచ్చుగా. తీసేసి మీ అక్కకి చూపించు."