రాజు వేషమైనా వరుసలో కలవాల్సిందే

నా చిన్నప్పుడు మా తాతయ్య, రాజు వేషం కట్టిన పటేలు కొడుకును ఊరందరి ముందూ కుర్చీలోంచి లేపాడు. మా ఆటను సినిమా తీస్తామని పోయినేడు వచ్చినవాళ్లను పంపించేశాక, మావాళ్లకు ఆ సంగతి చెప్పాల్సివచ్చింది.

మా నార్కట్‌పల్లి దిక్కు ఊళ్లలో చిరుతల ఆట ఆడతారు. చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, కథంతా పాటలోనే చెబుతారు. వంతు వచ్చిన వేషం నడుమకు వచ్చి పాడుతుంది. పాట కాగానే మళ్లీ వరుసలో కలిసి పక్కవాడి పాటకు చిరుతలు వేయాలి. రాజుకైనా అదే, బంటుకైనా అదే. ఆ ఆట నేర్పే గురువు మా తాతయ్య. మేము కౌలుకు దున్నే చెలక మాత్రం పటేలుది.

ఆ రోజు పటేలు కొడుకు బాగానే పాడాడు, అబద్ధమెందుకు. పాట కాగానే కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. తర్వాతి పాట బంటు వేషానిది. ఆ వేషం కట్టింది వాళ్లింట్లోనే జీతమున్న మా మేనమామ. తాతయ్య చెయ్యెత్తి చిరుతలన్నీ ఆపించాడు.

"ఏందిరా, ఆట ఆపినవ్?" అన్నాడు పటేలు.

"వరుసల ఒక జాగ ఖాళీగున్నది పటేలా. నిండినంక మొదలుపెడ్త."

"నా కొడుకు నా జీతగానికి తాళమెయ్యాల్నా? చెలక మీద ఆశ లేదా నీకు?"

"చెలక పొద్దుగాల తీస్కో. ఇప్పుడైతే పోరన్ని లేపు."

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లలోంచి ఒక ముసలామె, "రాజుకు కాళ్లు గుంజుతున్నయేమో, జర నూనె రాయుండ్రే" అంది. జనం పకపకా నవ్వారు. పటేలు కొడుకు మొహం ఎర్రగా చేసుకుని లేచి వరుసలో నిలబడ్డాడు. మా మామ పాడాడు.

పటేలు అన్నంత పనీ చేశాడు. చెలక పోయింది, ఇంటిల్లిపాదీ కూలికి పోయాం. అవ్వ సణగని రోజు లేదు. తాతయ్య మాత్రం ఆట నేర్పడం మానలేదు.

తెలంగాణ వచ్చాక మా మాటకూ ఆటకూ గిరాకీ వచ్చింది. నేను అక్షరాలు ముసలితనంలో మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. పాటలు అంతకు ఎంతో ముందే వచ్చు. ఇప్పుడు ఊరి ఆడవాళ్లకు ఆట నేర్పేది నేనే. అది చూసి మెచ్చిన డైరెక్టరు సినిమాలో ఎలా ఉంటుందో చెప్పాడు. హీరో నడుమ పాడతాడట, మేము వెనక మసకగా కనబడతామట.

"పాటైనంక హీరో వచ్చి మా వరుసల కలుస్తడా?" అని అడిగాను.

"గుంపుల కలిస్తే హీరోను ఎవరు చూస్తరవ్వా? అది స్టేజీ, ఇది సినిమా."

"గట్లైతే మా ఆట ఊసెత్తకు బిడ్డా. హీరోతోని ఉత్త పాటలు పాడించుకో."

సినిమా వాళ్ల వ్యాన్ వెళ్లిపోయాక మావాళ్లు నా మీద పడ్డారు. "తెర మీద కనబడేటోళ్లం గదా పెద్దమ్మా! నోటికాడి బుక్క పడగొట్టినవ్" అంది ఒక పిల్ల. కూర్చోబెట్టి తాతయ్య కథ చెప్పాను.

"మరి చెలక మళ్ల వచ్చిందా?" అని అడిగింది.

"రాలే."

సినిమా వాళ్లు మళ్లీ రాలేదు, నేను కబురూ పెట్టలేదు. కాదనడానికి గొంతు పెంచక్కర్లేదు, పోయేదేదో పోతుందని తెలిసి చెయ్యెత్తితే చాలు. తాతయ్య దగ్గర నేర్చుకున్నవాటిలో పాటలు కొన్ని మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.