మగది ఒకటి అని రాశాను

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు రాస్తున్నాను. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. ఈ అలవాటు మా ఆఫీసుల్లో అందరికీ ఉంటుంది, నాకు మరీ ఒంటబట్టింది. ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నవ్వినా ఫరవాలేదు. నాకు భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది.

మా సెక్షన్‌లో రమణమూర్తి అని శ్రీకాకుళం వాడున్నాడు. పదిహేనేళ్ల స్నేహం. ఫరీదాబాద్ దాటాక, కొండల కింద అతనికి తెలిసిన చౌధరీ గారి ఫార్మ్ ఉంది. చుట్టూ కంచె, నడుమ ఆవ చేలు, అతిథులకు గదులు. అక్కడ నీల్‌గాయ్‌లు పంట తినేస్తున్నాయని ఆయన వేటకు అనుమతి తెచ్చుకున్నాడు. నీల్‌గాయ్ అంటే మనవైపు మనుబోతు అంటారు, అదే. అనుమతిలో షరతులు స్పష్టంగా ఉన్నాయి. మగదాన్నే కొట్టాలి, ఒక్కదాన్నే కొట్టాలి, లైసెన్సు ఉన్న యజమానే కొట్టాలి. ఆ తర్వాత సాక్షుల సంతకాలతో రిపోర్టు ఇవ్వాలి.

పోయిన చలికాలంలో, శని, ఆదివారాలు సరదాగా గడిపి వద్దాం రమ్మన్నాడు మూర్తి. నన్ను పిలిచింది సగం స్నేహం కొద్దీ, సగం ఆ రిపోర్టు కోసం. నా డ్రాఫ్టింగ్‌కి ఆఫీసులో కాస్త పేరుంది లెండి.

ఇంట్లో మాత్రం ఇన్‌స్పెక్షన్ అని చెప్పాను. మా అమ్మాయి కీర్తి అప్పుడు పదకొండో తరగతి. మా క్వార్టర్స్‌లో ఉన్న వీధికుక్కలన్నిటికీ అదే పెద్దదిక్కు. వేట అని చెబితే గుమ్మం దాటనిచ్చేది కాదు. ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే చెబుతుంది.

శనివారం మధ్యాహ్నం ఫార్మ్ కాపలాదారు బాబూలాల్ మాకు చోటు చూపించాడు. ముసలాయన. ఆవ చేను గట్టున పెద్ద పెంటికల కుప్ప ఉంది. నీల్‌గాయ్‌లు రోజూ ఒకే చోటికి వచ్చి పెంటికలు వేస్తాయట. వేటగాళ్లు దానికి ఎదురుగా కూర్చుంటే చాలట.

"ఎంత తరిమినా చోటు మార్చవు సాబ్. ఇది వాటి అలవాటు," అన్నాడు హిందీలో. ఆ కుప్ప పక్కనుంచి నడిచేటప్పుడు ఆయన చెప్పులు విడిచాడు. ఆవుతో సమానంగా చూస్తారు వాటిని అక్కడ. నాకది చాదస్తంగా తోచింది.

ఆదివారం ఎండ వచ్చాక గట్టు వెనక కూర్చున్నాం. చౌధరీ తుపాకీ నా చేతిలో పెట్టి, "ఆప్ హీ మారియే, సర్," అన్నాడు, మీరే కొట్టండని. కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ తప్ప నేను ఎప్పుడూ ఏదీ పట్టలేదు. వద్దనాల్సింది, అనలేదు.

కాసేపటికి చేనులోంచి ఒకటి వచ్చి కుప్ప దగ్గర నిలబడింది. ఒళ్లంతా గోధుమరంగు. కొమ్ములు లేవు. మగదైతే బూడిద రంగులో, కొమ్ములతో ఉంటుందని ముందురోజే చెప్పారు. ఇది ఆడదని నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

"మూర్తీ, ఆడదిలా ఉందయ్యా," అన్నాను.

"పర్లేదు, వేసెయ్ గురూ. రిపోర్టు రాసేది నువ్వేగా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కొట్టాను.

దగ్గరికి వెళ్తే పొదుగు నిండా పాలున్నాయి. నేల మీద కారుతున్నాయి. అప్పుడు ఆవ చేనులోంచి పిల్ల బయటికి వచ్చింది. పారిపోలేదు. వెళ్లి ఆ కుప్ప దగ్గరే నిలబడింది. చౌధరీ చప్పట్లు కొట్టి తరిమితే నాలుగడుగులు వేసి మళ్లీ అక్కడికే వచ్చింది. బాబూలాల్ మొహం తిప్పుకున్నాడు.

నేను కారు బానెట్ మీద కాగితం పెట్టి రిపోర్టు రాశాను. 'మగది ఒకటి. వయసొచ్చినది. అనుమతి పొందిన యజమాని తుపాకీతో కొట్టారు.' మూర్తి చదివి, "అబ్బ, ఏం రాశావు గురూ, ఒక్క కామా మార్చక్కర్లేదు," అన్నాడు. ఆ మాటకు నేను లోలోపల ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇవాళ తల ఎత్తలేకపోతున్నాను. మేము బయలుదేరేటప్పుడు కూడా పిల్ల అక్కడే ఉంది. దాని సంగతేమిటని నేను అడగలేదు.

సోమవారం పొద్దున్నే మా ఆవిడ సరళ బాల్కనీలోంచి కేకేసింది. ఎడమ మూలలో గుప్పెడు పెంటికలు. శనగగింజంతేసి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు.

"ఏమండీ, మూడో అంతస్తులోకి మేక ఎలా వచ్చిందండీ?"

ఎలకలవి అన్నాను. పల్లెలో పుట్టిన మనిషి, ఎలకలవేవో మేకవేవో తెలియనిది కాదు. నన్నొక చూపు చూసి ఫినాయిల్ పోసి కడిగింది. మా బాల్కనీకి పావురాలు రాకుండా పైనుంచి కింద దాకా వల కట్టించాం. తలుపుకి లోపల గడియ ఉంది. పిట్ట కూడా దూరదు.

మంగళవారం మళ్లీ అదే మూల. బుధవారం కూడా. పాత కూలర్ జరిపి ఆ మూలలో పెట్టాను. మర్నాడు కూలర్ కింద ఉన్నాయి. ఫోను కెమెరా ఆన్ చేసి కిటికీలో పెట్టాను. వీడియోలో చాలాసేపు ఖాళీ నేల, ఆ తర్వాత నేల మీద పెంటికలు. మధ్యలో ఏమీ రాలేదు, ఏమీ కదలలేదు. పదిసార్లు చూశాను.

నాలుగు పెంటికలు కవర్లో వేసుకుని మునిర్కాలో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కీర్తి కుక్కల్ని తీసుకెళ్లేది ఆయన దగ్గరికే. చూసి, "నీల్‌గాయ్ పిల్లవి. ఇంకా పాలు తాగే వయసు. ఎక్కడ దొరికాయి?" అన్నాడు. ఇన్‌స్పెక్షన్‌లో అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

ఆయన ఆ మాట కీర్తితో అన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర, "పాపా, ఉస్ సండే ఆప్ కహాఁ గయే థే?" అని అడిగింది, ఆ ఆదివారం ఎక్కడికెళ్లారని. ఇక దాచలేక అంతా చెప్పేశాను. సరళ గరిటె కింద పెట్టేసింది. కీర్తి ఒక్కటే అడిగింది.

"ఔర్ బచ్చా?"

మరి పిల్ల సంగతేమిటని. తెలియదన్నాను. కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. నా కూతురు నన్ను అలా చూడటం అదే మొదటిసారి. చచ్చిపోవాలనిపించింది.

బాబూలాల్‌కి ఫోన్ చేశాను. పిల్ల మంగళవారం దాకా ఆ కుప్ప దగ్గరే నిలబడి ఉందట. బుధవారం పొద్దున చూస్తే లేదట. దాని కళేబరం కూడా కనిపించలేదట. కానీ మా బాల్కనీలో సోమవారం నుంచీ పడుతున్నాయి. ఈ లెక్క నాకు ఎంత వేసినా కుదరలేదు.

ఆ వారంలోనే ఇంకో రిపోర్టు రాశాను. ఆడది, పాలిచ్చేది, కొట్టింది నేను, పిల్లను వదిలేసి వచ్చాం. సంతకం చేసి, మొదటి రిపోర్టు ఇచ్చిన ఆఫీసులోనే ఇచ్చాను. "నీతో పాటు మమ్మల్నీ ముంచావు కదయ్యా," అని మూర్తి మాట్లాడటం మానేశాడు. విచారణ నడుస్తోంది. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

నిజం రాసిచ్చాను కాబట్టి ఇక ఆగిపోతుందనుకున్నాను. మర్నాడు తలుపు తీస్తే అదే మూలలో ఉన్నాయి. నిజం చెప్పాలంటే మొదట చిరాకేసింది, ఇంకా ఏం కావాలి అని. ఆ చిరాకుకి తర్వాత మళ్లీ సిగ్గుపడ్డాను.

అప్పటి నుంచి ఆ మూల నేనే ఊడుస్తున్నాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. కీర్తి నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. ఇలా ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, మళ్లీ చలి వచ్చింది. ఊడ్చేవాణ్ణి కాబట్టి నాకే ముందు తెలిసింది. పెంటికలు పెద్దవవుతున్నాయి. ఇప్పుడు ఒక్కోటీ గచ్చకాయంత ఉంటోంది.

పోయిన వారం కీర్తి అడక్కుండానే నాలుగు ఏరుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి నా కుర్చీ దగ్గర నిలబడింది. తడబడుతూ తెలుగులో చెప్పింది.

"పాలు మానేసింది అంట నాన్నా. గడ్డి తింటోంది అంట."

ఏ గడ్డి, ఎక్కడ తింటోంది, మూడో అంతస్తుకి ఎలా వస్తోంది? వల చిరగలేదు, గడియ ఊడలేదు. ఇన్నేళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి, దీని మీద ఒక్క వాక్యం కూడా రాయలేను.

మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని బాల్కనీ తలుపు తీయబోతుంటే మొదటిసారి నిజంగా భయమేసింది, ఇవాళ అక్కడ ఏమీ లేకపోతే ఎలా అని.