కాటుక కుర్రాళ్ళ చివరి పాట

ఆ రోజుల్లో నరసరావుపేటలో పాట వినాలని బుద్ధి పుడితే సినిమా హాలుకైనా పోవాలి, మైకు పెట్టిన పెళ్ళికైనా పోవాలి, అదీ కాదంటే రేడియో బాబాయ్ కొట్టుకైనా పోవాలి. ఇప్పుడు మా మనవరాలు ఫోను మీద వేలు ఇటు తోస్తే ఒక దేశం పాడుతుంది, అటు తోస్తే ఇంకో దేశం పాడుతుంది. సుఖమే, కాదనను. కానీ ఒకే ఒక్క క్యాసెట్టును, టేపు నలిగి పాడేవాళ్ళకు జలుబు చేసిందా అనిపించేదాకా, ఏళ్ళ తరబడి విన్న మనిషికుండే పొగరు ఆ పిల్లకెక్కడిది? ఎనభైల నడిమి సంవత్సరాల్లో, మాచర్ల నుంచి వినుకొండ దాకా, ఇంగ్లండు పాటల గురించి సాధికారంగా మాట్లాడగలిగిన ఏకైక మనిషిని నేను. (పోటీకి ఇంకెవరూ రాలేదన్నది వేరే సంగతి.)

రేడియో బాబాయ్ అంటే మాకు చుట్టం కాడు. మా వీధి చివర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తూ, ఖాళీ క్యాసెట్లలోకి అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే సాయిబు. ఆయన బామ్మర్ది దుబాయి నుంచి వస్తూ ఒక ఇంగ్లీషు క్యాసెట్టు తెచ్చి కొట్లో పడేసి పోయాడు. అట్ట మీద నలుగురు కుర్రాళ్ళు. కళ్ళకు కాటుక, పెదాలకు రంగు, జుట్టు పుంజు తురాయిలా పైకి. మరో చోటైతే జనం నవ్వేవాళ్ళేమో. పద్యనాటకాలు చూసి చూసి పండిపోయిన మా అమ్మ మాత్రం ఆ బొమ్మను కాసేపు పరీక్షించి, "ఏ నాటకంరా ఇది? ఆడవేషం ఎవురిది?" అని అడిగి ఊరుకుంది. అప్పటినుంచి మా వీధిలో వాళ్ళు కాటుక కుర్రాళ్ళు. (అసలు పేరు రాయను. రాస్తే మీరు వెతుకుతారు, వెతికితే నా కథలో సగం ఎగిరిపోతుంది.)

బాబాయ్ దాన్ని ఒక తొంభై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెట్టగానే నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. వీణ కాదు, గిటారు కాదు, కరెంటుకు గొంతు వస్తే ఇలాగే నిట్టూరుస్తుందేమో అనిపించే వాద్యం. దాని వెనక మిల్లు తిరిగినట్టు ఆగని తాళం. ఆ పైన దిగులుగా, అయినా హుషారుగా ఒక కుర్రాడి గొంతు. దిగులూ హుషారూ ఒకే పాటలో ఇముడుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. అన్నిటికంటే గొప్పది చివరిది. దానికి మాటలుండవు. ఏదో తీగ సన్నగా, వంకరలు పోతూ ఏడుస్తుంటే, వెనక టకటకటక అని ఆగి ఆగి పడే తాళం. కాటుక కుర్రాళ్ళ ప్రతిభకు అది శిఖరమని నేను వెంటనే తీర్మానించాను.

అప్పుడు నేను దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్సులో టెంపరరీ గుమాస్తాని. మధ్యాహ్నం టీ వేళ క్యాంటీనులో కాటుక కుర్రాళ్ళ చరిత్ర చెప్పేవాణ్ణి. వినడానికి రెండు వందల మంది కార్మికులు పనులాపుకుని వచ్చేవాళ్ళు. (సరే, వంద. ఇంకా ఎక్కువంటారా? టీ మాస్టరుతో కలిపి ఒక బల్ల నిండా ఉండేవాళ్ళు, అందులో కొందరు నిద్రపోయేవాళ్ళు.) క్యాసెట్టు అట్ట లోపల చీమల బారులా అచ్చేసిన నాలుగు ముక్కలూ, బామ్మర్ది గాజు సామాను చుట్టి తెచ్చిన ఇంగ్లీషు పేపర్లూ నాకు ఆధారాలు. మిగతాది నా సొంత సేద్యం.

చరిత్ర ఇది. నలుగురూ ఇంగ్లండు ఉత్తరాన ఉక్కు కార్ఖానాల ఊరి పిల్లలు. అంటే మన దాచేపల్లి లాంటి ఊరే, దుమ్ము రంగు తేడా. మంగలిషాపు మీది గదిలో మొదలెట్టారు. విడిభాగాలు తెచ్చుకుని, ఆ కరెంటు వాద్యాన్ని తామే బిగించుకున్నారు. మొదటి రికార్డు వాళ్ళ అమ్మలు తప్ప ఎవరూ కొనలేదు. రెండోది టీవీలో వచ్చింది. మర్నాడు ఆ దేశంలో మగపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అక్కల కాటుక భరిణెలు మాయం! అమెరికా పోయారు, జపాను పోయారు. ఆ దశలో డ్రమ్ములు వాయించే కుర్రాడు బయటికి పోయాడు. అతని స్థానంలో, తాళం వేయడానికి ఒక మిషను పెట్టుకున్నారు.

అక్కడ ఆగింది చరిత్ర. మా యూనియను నాయకుడు (ఆయన్ని అందరూ జిందాబాద్ అన్న అనేవాళ్ళు) టీ గ్లాసు బల్ల మీద కొట్టాడు.

"ఏందీ? మిషను తెచ్చి మనిషిని బయటికి నెట్టారా?"

"నెట్టారో, పోయాడో తెలవదన్నా. మిషనైతే వచ్చింది."

"మరి మిగతా ముగ్గురూ ఏంజేశారు? పని ఆపారా లేదా?"

"పాడారన్నా."

"పాడారా! తోటోణ్ణి తీసేస్తే పాడతారంట్రా? చానా బాగుంది. ఏం మనుషులురా నీ వాళ్ళు!"

నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి నా వైపు అసహ్యంగా చూశారు. 'నీ వాళ్ళు' అన్న మాట నాకు గుచ్చుకుంది. నా వాళ్ళే మరి. ఆ ఆదివారం ఇంటికెళ్ళి క్యాసెట్టు మళ్ళీ విన్నాను. సోమవారం టేపురికార్డరు కూడా పట్టుకెళ్ళి చరిత్రను సవరించాను. ముగ్గురూ సమ్మె చేశారు. రికార్డు కంపెనీ దిగొచ్చింది. డ్రమ్ములాయన తిరిగొచ్చాడు. ఆ సంబరంలో నలుగురూ కూర్చుని వాయించిందే ఆ చివరి పాట! "అందుకే దాంట్లో మాటల్లేవన్నా. వెనకాల టకటక వినపడతంది చూడు, అది ఆయనే." జిందాబాద్ అన్న కళ్ళు మూసుకుని విని, "ఆఁ, ఇది మనిషి చెయ్యే. మిషనుకి ఇట్టా తడబాటు రాదు," అని ధ్రువీకరించాడు. అలా ఇంగ్లండు సంగీత చరిత్రకు దాచేపల్లిలో ఆమోదముద్ర పడింది.

ఇలా ఉండగా కొత్త కిల్ను వెలిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక దొర దిగాడు. సున్నపురాయిని కాల్చే ఆ కొలిమి వాళ్ళ కంపెనీది, ఆయన లేందే అది వెలగదు. మనిషి మంచివాడే, మా ఎండా మా మిర్చీ మాత్రం ఆయనకు పడలేదు. గురజాల వైపు నుంచి మిరపబస్తాల లారీ ఒకటి గెస్టుహౌసు ముందు నుంచి పోతే చాలు, పూటంతా తుమ్మేవాడు. రెండో వారానికే పెట్టె సర్దేశాడు. మా మేనేజరు నన్ను పిలిపించాడు.

"ఏమయ్యా, ఇంగ్లీషు పాటలు నీకు బాగా తెలుసంటగా?"

"మొత్తం తెలుసండీ." (ఒక్క క్యాసెట్టు.)

"అయితే ఆ టేపురికార్డరు పట్టుకుపోయి దొరని కాస్త స్థిమితపెట్టు. ఆయన పోతే కిల్ను వెలగదు. వెలగకపోతే టెంపరరీ వాళ్ళందరూ ఇంటికే. ముందు పోయేది నువ్వే. వెలిగిందనుకో, ముందు పర్మినెంటయ్యేది కూడా నువ్వే."

సాయంత్రం గెస్టుహౌసుకు పోయాను. దొర పెరుగన్నం ముందు, దాన్ని కూడా అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. నేను టేపురికార్డరు బల్ల మీద పెట్టి మీట నొక్కాను. మొదటి పాట రెండు చరణాలు దాటేసరికి ఆయన చెంచా కింద పెట్టాడు. మూడో పాటకు గొంతు కలిపాడు. తనది వాళ్ళ పక్క ఊరేనట! కుర్రతనంలో తనూ కాటుక పెట్టుకుని వాళ్ళ కచేరీకి పోతే, వాళ్ళ నాన్న ఆ వారమంతా మాట్లాడలేదట. (ఆయన ఇంగ్లీషు, నా తెలుగు. మధ్యలో ఏమైనా పెరిగితే నాదే పూచీ.) తర్వాత అసలు చరిత్ర చెప్పాడు. డ్రమ్ములాయన్ని ఎవరూ నెట్టలేదు. ఊళ్ళు తిరగలేక, వాళ్ళ నాన్న రొట్టెల కొట్లో కూర్చున్నాడు. మూడో రికార్డు ఆడలేదు. పాడేవాడికీ వాద్యం వాయించేవాడికీ మాటల్లేకుండా పోయాయి. కిందటేడే బృందం మూతపడింది. చివరి కచేరీకి దొర కూడా పోయాడట. వర్షం, సగం కుర్చీలు ఖాళీ, అయినా మొదటి రోజు పాడినట్టే పాడారట. నాకు ఇంట్లో మనిషి సంగతి విన్నట్టయింది.

"మరి చివరికి కలిసి వాయించారు కదా," అని నేను ఆ ఆఖరి పాట పెట్టాను. దొర టేపురికార్డరు చెవి దగ్గరికి తెచ్చుకుని విన్నాడు. "ఇది వాళ్ళది కాదు," అన్నాడు.

"వాళ్ళదే."

"వాళ్ళ పాటలన్నీ నా దగ్గరున్నాయి. ఇది లేదు."

"అయితే మీకు తెలియదు," అన్నాను. ఉద్యోగం, పర్మినెంటు, మేనేజరు, అన్నీ మరిచిపోయాను. పక్క ఊరివాడికి, కచేరీకి పోయి వచ్చినవాడికి, వాళ్ళ పాటేదో, కానిదేదో నేను దాచేపల్లిలో నిలబడి పాఠం చెప్పాను. దొర ముఖం ఎర్రబడింది. "ఎవరు ఎక్కించారిది? పద, అడుగుదాం. అడిగాక నా దారిన నేను పోతాను," అన్నాడు. సర్దిన పెట్టె మంచం కిందే ఉంది.

మర్నాడు ఫ్యాక్టరీ జీపులో నరసరావుపేట పోయాం. దారి పొడవునా కళ్ళాల్లో మిర్చి ఎండబెట్టి ఉంది. దొర తుమ్ముతూనే ఉన్నాడు. ప్రతి తుమ్ముకూ నా ఉద్యోగం ఒక గజం వెనక్కి జరిగినట్టుండేది. బాబాయ్ కొట్లో విప్పదీసిన రేడియోల మధ్య నుంచి లేచి, మసిబట్ట వెదికి దొరకు స్టూలు తుడిచాడు. సంగతి చెప్పాను.

"అదా?" అన్నాడు బాబాయ్, నేలచూపులు చూస్తూ. "ఇంగ్లీషోళ్ళ పాటలు టేపు నిండలేదబ్బాయ్. చివర్న ఖాళీ మిగిలింది. ఖాళీ టేపిస్తే గిరాకీ ఊరుకుంటదా? సగం ఎక్కించి ఇచ్చాడనరూ? అందుకని మిగిలినంత మేర నేనే వాయించి పడేస్తా."

"నువ్వా! దేంతో?"

ఆయన బల్ల కింద నుంచి బుల్‌బుల్ తీశాడు. టైపుమిషను మీటల్లాంటివి ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో తీగలు మీటే చెక్కపెట్టె. దానికి పాడైన రేడియోలో భాగాలేవో తగిలించి కరెంటు గొంతు తెప్పించాడు.

"మరి ఆ టకటక?"

"పక్కన దర్జీ మిషను. తలుపు ఎయ్యటం మర్చిపోయా."

గోడ అవతల నుంచి దర్జీ, "నా మీద పెట్టొద్దు మామూ, నువ్వు చెప్తే ఆపేవోణ్ణిగా!" అని అరిచాడు. తిరిగొచ్చిన డ్రమ్ములాయన గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టింది. ఆ ఊళ్ళో సగం క్యాసెట్లు బాబాయ్ ఎక్కించినవే. మా పెద్దమ్మ భక్తిగీతాల క్యాసెట్టు చివర ఒక సన్నని రాగం వచ్చేది. అది మంగళహారతి అనుకుని ఆవిడ రోజూ లేచి నిలబడి కళ్ళకద్దుకునేది! మా మామయ్య సినిమా పాటల చివరా అదే తీగ. ఊరంతా ఈయన్ని వింటోంది, ఒక్కొక్కరూ ఒక్కొక్కరి పేరు పెట్టుకుని.

దొర వాయించమన్నాడు. బాబాయ్ సిగ్గుపడ్డాడు, వేళ్ళు తుడుచుకున్నాడు, మొదలుపెట్టాడు. అవతల దర్జీ కూడా తొక్కడం మొదలుపెట్టాడు. ఆ వాయిద్యం సాగినంతసేపూ దొర ఒక్కసారి కూడా తుమ్మలేదు. (రెండుసార్లు తుమ్మాడు. తాళంలోనే తుమ్మాడు.) అయిపోయాక, "రెండు వైపులా ఇదే ఉన్న క్యాసెట్టు ఒకటి కావాలి. దర్జీతో సహా," అన్నాడు.

బాబాయ్‌కి చెమటలు పట్టాయి. "టేపు మొత్తమా? నాకెప్పుడూ చివర మిగిలినంతే అలవాటబ్బాయ్. రెండు నిమిషాలో, ఐదో. మొత్తం నింపాలంటే చానా రోజులు పడుద్దని చెప్పు."

చెప్పాను. "ఆగుతాను," అన్నాడు దొర.

ఆగాడు. ఆదివారం ఆదివారం జీపులో పోయి స్టూలు మీద కూర్చునేవాడు. క్యాసెట్టు నిండేలోగా కిల్ను వెలిగింది, నేను పర్మినెంటయ్యాను. జిందాబాద్ అన్నకు అసలు చరిత్ర చెబితే టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అయితే ఆ అబ్బాయిని మళ్ళీ తీసుకోలా?" "లేదన్నా. రొట్టెల కొట్లో ఉన్నాడంట." "పోన్లే, పొయ్యి దగ్గర పనే. మనోడే," అన్నాడు.

ఈ కథను పెళ్ళిళ్ళలో చెప్పేటప్పుడు ఇక్కడ నాకొక ముగింపు ఉంది. జీపెక్కబోతూ దొర నా భుజం మీద చెయ్యేసి, 'ఆ డ్రమ్ములాయన నేనే' అంటాడు. జనం ఆహా అంటారు, నాకు ఇంకో గారె వడ్డిస్తారు. అదేం లేదు. దొరకు చప్పట్లు కొట్టడం కూడా తాళంలో రాదు. పోతూ పోతూ ఆయన అన్నది ఒకటే: "నువ్వు చెప్పిన చరిత్రే బాగుంది. అలా జరిగి ఉంటే బాగుండేది."

మొన్న మా మనవరాలు ఫోనులో కాటుక కుర్రాళ్ళను పట్టుకుంది. (పేరు చివరికి ఆ పిల్లకు చెప్పక తప్పలేదు.) నెరిసిన తలలు, ముడతల్లో కాటుక. మళ్ళీ కలిశారు! ఏదో చిన్న ఊళ్ళో, చిన్న వేదిక మీద. వెనక డ్రమ్ముల ముందు ఒక బొద్దుమనిషి, రొట్టెలు బాగా తిన్న మనిషి. అతనే. జిందాబాద్ అన్న ఉంటే చూపించేవాణ్ణి: చూశావా అన్నా, సమ్మె గెలిచింది, కాస్త ఆలస్యమైంది, అంతే. పాడేవాడు పై స్వరం అందక మైకు జనం వైపు తిప్పాడు. జనం అందించారు. నేనూ అందించాను. ఆఖరి పాట అయిపోయింది, నలుగురూ వంగి దణ్ణం పెట్టారు, దీపాలు ఆరాయి. పిల్ల ఫోను తీసుకోబోయింది. నేనివ్వలేదు.

"అయిపోయింది తాతా. ఇంకేం రాదు."

"ఉండమ్మా," అన్నాను, "దర్జీ మిషను మొదలవ్వాలి."