క్రేన్ మావయ్య ఆపు సైగ

క్రేన్ మావయ్య పోయాడన్న కబురు భిలాయిలో మా రిసాలి కాలనీలో అందరికంటే ముందు నాకే తెలిసింది. అది ఆయన దురదృష్టం. నా నోటి నుంచి వచ్చిన కబురు కాబట్టి ఎవరూ నమ్మలేదు.

పొద్దున్నే గోడవతల నుంచి అత్త కేక వేసింది. వెళ్ళేసరికి మావయ్య వరండా కుర్చీలో ఉన్నాడు. నడక ముగించుకొచ్చి ఒక బూటు విప్పాడు. రెండోది కాలికే ఉంది. డాక్టరొచ్చి చూసి, బూటు లేసు తనే విప్పి వెళ్ళిపోయాడు. నేను చౌరస్తాలో టీ బండి దగ్గరికి పరిగెత్తాను. మావయ్యతో రోజూ నడిచే రిటైర్డ్ జనమంతా అక్కడే ఉంటారు.

"సుబే సుబే మజాక్ మత్ కర్ యార్," అని, పొద్దున్నే వేళాకోళాలు వద్దన్నాడు టీ బండి భయ్యా, నా ముందు గ్లాసు పెడుతూ.

"ఒరే, కిందటేడు నాను పోనానని కూడా నువ్వే సెప్పావు," అన్నాడు మా వాళ్ళలో ఒకాయన. "మా ఆవిడికి ఎంతమంది ఫోన్ సేసినారో ఎరికేనా? నానే ఎత్తి మాటాడితే దెయ్యమని పెట్టీసినారు."

అందరూ నవ్వారు. నేను గ్లాసు ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. నేను ఊరికే వచ్చిన టీ వదిలేయడం వాళ్ళెవరూ అంతవరకూ చూడలేదు. ముందు ఆ పెద్దాయన నవ్వు ఆపాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు.

ఆయన నాకు మావయ్య ఎలా అయ్యాడో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. ఉక్కు ప్లాంటులో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి పడిన జనానికి ఇక్కడ చుట్టాలెవరున్నారు? గోడ పక్కనున్నవాడే చుట్టం. మావయ్య పాలకొండ దగ్గర పల్లె నుంచి మీసాలు సరిగా రాకముందే వచ్చి, ఉద్యోగమంతా ప్లాంటులో క్రేన్ మీదే గడిపాడు. కరిగిన ఉక్కు నిండిన గంగాళాలని మనుషుల నెత్తిమీదుగా తీసుకెళ్ళి దించే పని. పైన కేబిన్లో ఆయన, కింద సైగలు చేసేవాడు. మధ్యలో ఏ మాటా వినబడనివ్వని చప్పుడు. చూపుడువేలు పైకెత్తి చిన్న సున్నాలు చుడితే ఎత్తమని. చెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అటూ ఇటూ ఊపితే ఆపమని.

రిటైరయ్యాక కూడా ఆ సైగలు ఆయన్ని వదల్లేదు. నాకిక అంతకంటే ఏం కావాలి? నాది స్కూటర్ సీటు కవర్లు కుట్టే దుకాణం. చదువు పదో తరగతి దాకా వెళ్ళి, గేటు మూసి ఉండటం చూసి వెనక్కొచ్చింది. గిరాకీ లేనప్పుడు దుకాణం ముందు నిలబడేవాణ్ణి. మావయ్య స్కూటర్ మీద వస్తుంటే చెయ్యి చాచి ఆపు సైగ చేసేవాణ్ణి. అంతే, బ్రేకు పడేది. కాలు కింద పెట్టి అటూ ఇటూ చూసి, ఏమీ లేదని తేలాక, వెనకాల ఆగిన ఆటోవాడి తిట్లతో కలిపి నన్ను తిట్టి పోయేవాడు. మర్నాడు మళ్ళీ చేసేవాణ్ణి. మళ్ళీ ఆగేవాడు.

"నేను వేళాకోళానికి చేస్తానని తెలుసు కదా మావయ్యా, ఎందుకాగుతావు?" అని ఒకసారి అడిగాను.

"ఎత్తమని ఒక్కడే సెప్పాలి. ఆపమని ఎవడైనా సెప్పొచ్చు. దారిన పోయేవోడు సెప్పినా ఆగాలి, అదీ క్రేన్ రూలు. నువ్వు రోజూ అబద్దమే ఆడతావు. ఒకనాడు నిజంగానే లారీ వస్తాది. ఆనాడు నాను ఆగకపోతే నీకెంత బాధ!"

నా మీద జాలి పడి ఆగేవాడన్నమాట. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక రెండు రోజులు దుకాణం లోపలే కూర్చున్నాను. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను.

ఆయన ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాని పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త దాని ముందు కూర్చుని, పాలకొండ పల్లెలో ఉన్న తన అప్పతో మాట్లాడేది. ఆ అప్పకి పుట్టుచెవుడు, మాట లేదు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి కట్టుకున్న చేతి సైగలే వాళ్ళ భాష. పిడికిలి మూసి గుప్పున తెరిస్తే భిలాయి, అంటే కొలిమి. ముక్కు పిండుకుంటే నేను. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. చూపుడువేలితో గాల్లో సున్నాలు చుడితే మావయ్య. కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు తన పనేమిటో వదినగారికి ఎత్తు సైగ, ఆపు సైగ రెండూ చేసి చూపించాడట. ఆ ఎత్తు సైగే ఆయన పేరయిపోయింది. అత్తకి చూపు తక్కువ, ఫోనులో వేళ్ళు కనపడవు. అందుకే ఆ పెద్ద తెర.

ఒకరోజు ఆ వీడియో కాల్ పనిచెయ్యడం మానేసింది. లోపలున్న సిస్టం పాతదైపోయింది, కొత్త వెర్షన్ ఎక్కించుకోమంది. మావయ్య ఎక్కించాడు. కాల్ వచ్చింది కానీ బొమ్మ చెడింది. తెరమీద అక్షరాలు పూరీల్లా ఉబ్బిపోయాయి. అవతల అప్ప చెయ్యి కింద ఉన్నది ఉన్నట్టుండి పైన ఉండేది. పైకెలా వెళ్ళిందో మధ్యలో ఏమీ లేదు. సైగలతో మాట్లాడేవాళ్ళకి ఆ మధ్యదే కదా మాట!

"అప్ప పొట్టమీద సెయ్యేసింది," అంది అత్త కంగారుగా. "తరవాత సెయ్యి గాల్లో ఉంది. నడవడమో ఏటో అంది. మళ్ళా పొట్ట. దానికేటయిందిరా, నొప్పా?"

ఊళ్ళో ఉన్న అత్త మేనల్లుడికి ఫోన్ చేస్తే, "ఏటీ లేదు అత్తా, గుండ్రాయిలా ఉంది," అన్నాడు. అత్త నమ్మలేదు. "ఆడికి దాని సైగలు సగమే తెలుసు. నొప్పయితే అది ఆడికి సెప్పదు, నాకే సెప్తాది." ఆ రోజు నుంచి అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికేది. మావయ్య అది చూసి, కంప్యూటర్ పెట్టె మూత విప్పాడు.

"కొత్తది కొనీరాదా మావయ్యా?" అన్నాను.

"మీ అత్త మోకాళ్ళు అరిగిపోనాయి. కొత్తదాన్ని తెచ్చీమంటావేటి?"

"తెచ్చుకో! దానికి వొండి పెట్టడం నీ వంతు," అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

లోపల వెతికితే, తెరకి బొమ్మలు పంపే గ్రాఫిక్స్ కార్డు పేరు ఉండాల్సిన చోట ఊరూ పేరూ లేని 'బేసిక్' అన్న మాట ఒకటి కూర్చుని ఉంది. దానికి సరైన డ్రైవర్ కావాలని నెట్‌లో రాసుంది.

"డ్రైవరంటే ఏటి మావయ్యా?"

ఆయనకి తెలీదు. తెలీనిదంటే ఆయనకి మహా ఇష్టం. కుర్చీ ముందుకి లాక్కుని, ఒక పూటంతా చదివాడు, నన్ను చదివించాడు. చివరికి తొడ చరిచి అన్నాడు: "సైగలు సేసేవోడురా! కార్డు పైన కేబిన్లో ఉంది. సిస్టం కింద ఉంది. బొమ్మ ఎత్తు, బొమ్మ దించు అని మధ్యలో ఒకడు సైగ సెయ్యాల. కొత్త సిస్టంతో వొచ్చినోడు ఆడి ఊరి సైగలు సేస్తన్నాడు. కార్డుకి అర్థం కాక సేతులు కట్టుకుని కూకుంది. తప్పు కార్డుది కాదు."

అక్కడి నుంచి వేట. కార్డు మీద స్టిక్కర్ అరిగిపోయింది. మావయ్య టార్చి పక్కనుంచి వేస్తే, నేను ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి, నంబరు కూడబలుక్కున్నాం. పెట్టెలో బల్లి గుడ్లున్నాయి. వాటిని అగ్గిపెట్టెలోకి మార్చి కిటికీలో పెట్టాడు. "ఇది దీని క్వార్టరురా. ఎలాట్‌మెంట్ మనకంటే ముందే అయింది."

నెట్‌లో డ్రైవర్ వెతకడమంటే పెళ్ళిళ్ళ పేరయ్యల చేతిలో పడటమే. ప్రతి చోటా ఇంత లావు ఆకుపచ్చ బటన్, నొక్కితే సంబంధం తప్ప అన్నీ వస్తాయి. ఒకడు పేకాట తెచ్చాడు, ఒకడు కంప్యూటర్‌కి జబ్బుందని బెదిరించాడు. ఆఖరికి కార్డు చేసినవాళ్ళ సొంత పేజీయే దొరికింది. అక్కడ ఆ వరస కార్డుల కింద డ్రైవర్లు తేదీల వారీగా పైనుంచి కిందికి బారులు తీరి ఉన్నాయి.

మావయ్య అన్నిటికంటే కొత్తది దించాడు. 'ఈ హార్డ్‌వేర్‌కి సరిపోదు' అంది. దాని కిందది దించాడు. తెర నల్లబడి, మళ్ళీ ఉబ్బిన అక్షరాలతో లేచింది. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ పైకెళ్ళి, ఇంకా కొత్తది వచ్చిందేమోనని రోజూ చూడటం మొదలుపెట్టాడు. ఇంకా కిందికి దిగుదామంటే ఒప్పుకోడు.

"పాతది ముట్టుకోకూడదురా. ప్లాంటులో కొత్త కాగితం వొచ్చిందంటే పాతది సింపీసీవోళ్ళం. పాత కాగితం సూసి బరువెత్తితే మనుషులు పోతారు."

ఇది ప్లాంటు మనిషి చేసే తప్పు. రేడియో బాగుచేసేవాడెవడూ చెయ్యడు. ఉక్కు కింద మనుషులున్నచోట నేర్చుకున్న జాగ్రత్తని తెచ్చి కంప్యూటర్ మీద పెట్టాడు. ఈలోగా అత్త చిక్కిపోతోంది. నేను వాతావరణం తేలిక చేద్దామని, తెరమీద నోరు తెరుచుకుని బిగుసుకుపోయిన వాళ్ళప్ప బొమ్మని ఫోన్లో ఫొటో తీసి, "చూడత్తా, పెద్దమ్మ పాటందుకుంది," అన్నాను. అత్త నవ్వలేదు. నా వేళాకోళం పేలకపోవడం నాకు కొత్త కాదు. కానీ అత్త నవ్వకపోవడం కొత్త.

మర్నాడు భోజనాల దగ్గర ఊరి నుంచి ఫోనొచ్చింది. మేనల్లుడు టౌన్ నుంచి చెవిటివాళ్ళ బడిలో నేర్పే సైగల బొమ్మల అట్ట తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టాడట. ఆవిడ దాన్ని గేదె మీదికి విసిరిందట.

"ఇసరదా మరి!" అంది అత్త. "పాత మనిషికి కొత్త సైగలేటి? మేం పావడాలు కట్టుకున్ననాడు ఏవి సేసుకున్నామో అవి సేస్తేనే అప్ప పలుకుతాది."

మావయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నాకేసి చూశాడు.

"ఒరే. కార్డు పాత మనిషిరా."

చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. ఎడంచేత్తో పేజీని కిందికి, ఇంకా కిందికి జరిపించాడు. కార్డు పుట్టిన కాలానికి దగ్గరలో, పాత సిస్టంల కోసం చేసిన డ్రైవర్ ఒకటి ఉంది. అది తనంతట తాను ఎక్కలేదు. జాబితా తెరిచి, ఇదే కావాలని చేత్తో చూపించాల్సి వచ్చింది. తెర నల్లబడింది. మావయ్య కుడిచేతి మీద పప్పు ఎండిపోతోంది. అత్త వచ్చి మా వెనక నిలబడింది. తెర వెలిగింది. అక్షరాలు ఒక్కసారిగా సన్నబడి, తీరుగా కూర్చున్నాయి.

వెంటనే కాల్ కలిపాం. పెద్దమ్మ చెయ్యి పొట్టమీద పెట్టింది. అక్కడి నుంచి, ఒక్క కుదుపు లేకుండా, చెయ్యి పైకి లేచి చూపుడువేలితో సున్నాలు చుట్టింది. తర్వాత రెండు వేళ్ళు అరచేతి మీద నడిచాయి.

అత్త అలా చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. "దాని పొట్ట కాదు! నీ పొట్ట! నీ మొగుడికి పొట్ట పెరిగిపోయింది, రోజూ నడిపించు అంటాంది!"

మర్నాడు మావయ్య బూట్లు కొనుక్కున్నాడు. మళ్ళీ ఆ మర్నాడే తెర ఉబ్బింది. మనమేదో తప్పు చేశామనుకుని, సిస్టం దయతలచి తన కొత్త డ్రైవర్‌ని మళ్ళీ కూర్చోబెట్టింది. మావయ్య కోప్పడలేదు. దానికి ఆ అధికారం ఎవరిచ్చారో కనుక్కుందామని, ఒక్కో గది తలుపూ తీసి చూశాడు. డ్రైవర్లని సొంతంగా మార్చకుండా ఆపే చోటు ఎక్కడో మూల దొరికింది.

"ఒరే, దీనికీ ఆపు సైగ ఉందిరా!" అన్నాడు. ఆ మొహం నేను మరిచిపోలేను. పాత డ్రైవర్ మళ్ళీ ఎక్కించాక అది కదల్లేదు. ఆ వారమంతా కాలనీలో కనపడినవాళ్ళందరికీ డ్రైవరంటే ఏమిటో చెప్పాడు. వినేవాళ్ళు లేకపోతే స్కూటర్ ఆపి నాకే మళ్ళీ చెప్పేవాడు. నేను సైగ చెయ్యకపోయినా ఆగేవాడు.

మొన్న ఆయన పోయిన పూట, వరండాలోంచి ముందు గదిలోకి మార్చాక, మేనల్లుడు ఫోన్ చేశాడు. పెద్దమ్మకి తను చెప్పనా అని అడిగాడు.

"నువ్వు సెప్పకు," అంది అత్త. "నీకు రాదు. నాను సెప్తాను."

కంప్యూటర్ పెట్టమంది. ఇంటినిండా జనం. నేను మీట నొక్కాను. ఇన్నాళ్ళూ మావయ్యే నొక్కేవాడు. ఇవాళ కూడా ఇది వేళాకోళం ఆడుతుందేమోనని తెర వైపే చూశాను. ఆడలేదు. తెర తీరుగా తెరుచుకుంది. అవతల పెద్దమ్మ, వేళకాని వేళలో పిలిచినందుకు కళ్ళు పెద్దవి చేసి కూర్చుంది.

అత్త చూపుడువేలు పైకెత్తి సున్నాలు చుట్టింది. పెద్దమ్మ నవ్వింది. తనూ వేలెత్తి సున్నాలు చుడుతూ, నడుస్తున్నాడా అన్నట్టు గడ్డం ఎగరేసింది.

అత్త చెయ్యి చాచింది. అరచెయ్యి నేలవైపు పెట్టి, అటూ ఇటూ ఊపింది. నేను దుకాణం ముందు నిలబడి రోజూ చేసిన సైగే.

అవతల వేలు చుట్టడం ఆగిపోయింది. తెర బిగుసుకుపోయిందనుకుని నేను ముందుకి వంగాను. కాదు, ఆవిడ రెప్పలు కదులుతున్నాయి. తర్వాత ఆ చెయ్యి దిగడం మొదలైంది. నుదురు దాటి, చెంప దాటి, మెడలో పూసల పక్కనుంచి, వేలు ఇంకా చాచే ఉండగా, ఒళ్ళో చీర కుచ్చిళ్ళ మీదికి వచ్చి ఆగింది. పైనుంచి కింది దాకా, మధ్యలో ఒక్కచోట కూడా తెగలేదు.