చేతగానివాడు కావలెను: కోయిల్‌సాగర్ నీళ్ల మీద ఒక ఉదయం

ముందుగా క్షమాపణలు. ఈ వ్యాసం వల్ల మనసు నొచ్చుకోబోయే సముద్రాలన్నింటికీ, వాటి అలలకూ, ఆ అలల మీద ఆడి పెరిగిన వీరులకూ పేరుపేరునా చేతులు జోడిస్తున్నాను. జడ్చర్లలో మందు గోళీల బరువు తూచే ఉద్యోగం చేసేవాడు, ఈత రానివాడు, తన బరువును మాత్రం తూచుకోవడానికి భయపడేవాడు, నీటి మీద నిలబడటం గురించి నాలుగు మాటలు చెప్పబోతున్నాడు. ఇది అపచారమని నాకు తెలుసు. చెప్పకపోతే కోయిల్‌సాగర్ పట్ల అపచారమవుతుంది. రెండింటిలో చిన్నదాన్ని ఎంచుకున్నాను, మన్నించగలరు.

ఈ ప్రయాణం ఒక ఫోన్‌కాల్‌తో మొదలైంది. రజిత మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీలో నా క్లాస్‌మేట్, కోయిల్‌సాగర్ ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. గోవాలో ఒక రిసార్టుకు లెక్కలు రాయడానికి పోయి, లెక్కల కన్నా ఎక్కువగా బోర్డు నేర్చుకుని వచ్చింది. స్టాండప్ ప్యాడిల్ అంటారు దీన్ని. మనిషిన్నర పొడుగుండే బోర్డుకు పంపుతో గాలి కొట్టి, దాని మీద నిటారుగా నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్లను వెనక్కి నెడుతూ పోవాలి. రజిత గోవాలో కూడబెట్టిందంతా పెట్టి రెండు పాత బోర్డులు కొని తెచ్చింది. ఆదివారాలు ఊరికి వచ్చేవాళ్లకు నేర్పి, ఇంటి దగ్గరే బతకాలని ఆమె ఆశ. అడ్డం పడింది వాళ్ల పెద్దబాపు, అంటే పెదనాన్న, నర్సింలు. అక్కడ పుట్టి అనే గుండ్రటి పడవ తోలేవాళ్లందరిలో ఆయన మాటే మాట. పట్నం పిల్లలు వలల మధ్య తైతక్కలాడితే వలలుంటాయా అన్నది ఆయన ప్రశ్న, అందులో తప్పేమీ లేదు. ఆ ఇళ్లకు వలంటే అన్నం. చాలా రోజుల కొట్లాట తర్వాత ఆయన ఒక షరతుకు దిగాడు. ఆ షరతు కోసమే రజిత నాకు ఫోన్ చేసింది.

"అరేయ్ శ్రీకాంత్, నీకు ఈతొచ్చా?"

"రాదు."

"ఎన్నడన్న పడవెక్కినవా?"

"లేదు."

"సైకిల్ మీదికెళ్లి పడుడు బంద్ చేసినవా?"

"ఇంకా లేదు."

"అయితే ఆదివారం రా. నీకన్న చేతగానోడు నాకు ఈ జిల్లాల దొరకలే."

షరతు ఏమిటంటే, బోర్డు మొహం చూడని మనిషిని ఒకణ్ణి తెచ్చి పొద్దున నేర్పాలి. వాడు నీళ్ల మధ్య తేలే ఎర్ర డ్రమ్ము దాకా ఒంటరిగా పోయి, దాన్ని చుట్టి, ఒడ్డుకు రావాలి. ఒక్క వల కన్ను తెగినా ఆ రోజే బోర్డుల గాలి తీసి అమ్మేయాలి. రజిత బతుకుతెరువు నా కాళ్ల మీద ఆధారపడిందన్నమాట. మా అమ్మ కూడా ఇంతవరకూ నా కాళ్ల మీద అంత నమ్మకం పెట్టుకోలేదు.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెప్తాను. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు తెల్లవారకముందే బస్సులుంటాయి. అక్కడ రాయచూర్ వైపు పోయే బస్సు పట్టుకుని దేవరకద్రలో దిగాలి. ఈ రెండు బస్సులకూ కలిపి వంద రూపాయలకు మించదు, గంటన్నర ప్రయాణం. దేవరకద్రలో చాయ్ తాగే టైము ఉంచుకోండి, ఎందుకంటే ఆటో నిండేదాకా కదలదు. నేను ఆగలేక మొత్తం ఆటో మాట్లాడుకున్నాను, రెండు వందల యాభై తీసుకున్నాడు. డ్రైవర్ పేరు ఖాజా. నా చేతిలోని సంచీలో తువ్వాల, రెండు జతల బట్టలు చూసి దవాఖానకా అని అడిగాడు. నీళ్ల మీద నిలబడటానికి పోతున్నానని చెప్పాను.

"నీళ్ల మీదనా?" అని అద్దంలో నా పొట్ట చూశాడు. "నీళ్లు ఒప్పుకున్నయా అన్నా?"

"ఇంకా అడగలే."

"జర అడిగి ఎక్కు. వాపస్ కిరాయి గూడ ఇప్పుడే ఇచ్చెయ్, ఎందుకైనా మంచిది."

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మాది దేవరకొండ దిక్కు మెట్ట ఊరు. మా చిన్నప్పుడు నీళ్లంటే ట్యాంకర్. బిందెలు వరసలో పెట్టి, ఎవరూ జరపకుండా కాపలా కూర్చునేవాళ్లం. సగం బిందె ఒలికితే ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అలాంటివాడు ఆటో మలుపు తిరగ్గానే కోయిల్‌సాగర్‌ను చూశాడు. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు, ప్రాజెక్టు నిండుగా ఉంది. రెండు కొండల మధ్య, కనుచూపు మేర, అన్ని నీళ్లు. ఒక్క మనిషి కాపలా లేడు. ఒక్క బిందె వరసలో లేదు. ఆ నీళ్ల మీద పొగమంచు పలచగా లేస్తోంది, ఒక తెల్ల కొంగ తన నీడను తానే తొక్కకుండా అడుగు తీసి అడుగు వేస్తోంది. ఖాజా కిరాయి అడిగాడట, రెండుసార్లు. నాకు వినపడలేదు.

ఒడ్డున రజిత పంపు కొడుతోంది. పక్కనే బండ మీద బీడీ తాగుతూ నర్సింలు పెద్దబాపు. నేను నమస్కారం పెట్టి, మర్యాదగా ఉంటుందని "బాగున్నరా తాతా" అన్నాను.

"తాత అంటున్నడు," అన్నాడు ఆయన రజితతో. "కండ్లు గూడ సక్కగ లేనోన్నే తెచ్చినవ్ బిడ్డా. మంచిగ ఎతికినవ్."

పాఠం మొదలైంది. లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలన్నీ లాగి చూసి, బోర్డుకున్న తాడు నా చీలమండకు కట్టింది. నేను నీళ్లలో పడినా బోర్డు నన్ను వదిలి పోకుండా ఆ తాడు. తర్వాత బోర్డును తిరగేసి, తోక దగ్గర అరచేయంత నల్లటి రెక్క చూపించింది.

"బోర్డు తిన్నగ పోయేది దీంతోనే. వల చిక్కేది గూడ దీనికే. గీ రెక్క ఒక్కసారి చిక్కితే వల గజం పొడుగు చిరుగుతది. పెద్దబాపు భయం గదే."

"బోర్డు బోల్తా పడితే?"

"రెక్క ఆకాశంల ఉంటది, ఇంక దేనికి చిక్కుతది? నీళ్లల్ల ఉండేది నువ్వు."

మొదట మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. అది వచ్చింది. తర్వాత ఒక్కో పాదం లేపి, మోకాళ్లు కాస్త వంచి, నిలబడాలి. ఇలాంటి చారిత్రక ఘట్టానికి వెనక ఏదో ఒక పాట వినిపించాల్సింది. నేను లేచాను, పాదాల కేసి చూశాను, వెనక్కి పడ్డాను. రెండోసారి లేచాను. అప్పుడే ఎవరిదో బర్రె నీళ్లలోకి దిగింది. సముద్రంలో వాళ్లకు అలలు గాలితో వస్తాయట. కోయిల్‌సాగర్‌లో పొద్దున పూట అల బర్రెతో వస్తుంది. ఆ అల నా దాకా వచ్చింది, నేను దానికి దారిచ్చాను. పడ్డ ప్రతిసారీ ఒకే తీరు: చేతులు రెండూ చాచి, తెడ్డు వదిలేసి, ఆకాశం చూస్తూ వెనక్కి. ఒడ్డు మీద నుంచి పెద్దబాపు ప్రతిసారీ ఒకే మాట, "పడ్డడు," అని, ఎవరో అడిగినట్టు.

"కాళ్లు చూడకు," అంది రజిత. "నీ కాళ్లు యాడికి పోవు. ఎదురుంగ కొండ చూడు."

కొండను చూశాను. లేచాను. పడలేదు.

అప్పుడు జరిగింది చెప్పడానికి వేళాకోళం పనికిరాదు, రెండు నిమిషాలు పక్కన పెడతాను. నీటి మీద నిలబడితే ప్రపంచం ఎత్తు మారుతుంది. పడవలో కూర్చున్నవాడికి నీళ్లు పక్కన ఉంటాయి. నిలబడ్డవాడికి కింద ఉంటాయి, చుట్టూ ఉంటాయి, తనకూ వాటికీ మధ్య ఏమీ లేనట్టు ఉంటుంది. గాలి లేదు. ఎదురుగా ఉన్న కొండ నీళ్లలో తలకిందులుగా, ఒక్క చెట్టు చెదరకుండా పడుకుని ఉంది. నేను తెడ్డు వేస్తుంటే బోర్డు ఆ కొండ వాలు మీదుగా, బండల మీదుగా, మెల్లగా శిఖరం మీదికి పోయింది. తెడ్డు నుంచి జారిన చుక్కల చప్పుడు తప్ప ఇంకేం లేదు. శిఖరం మీద ఆగి, తెడ్డు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. సగం బిందె కోసం గొంతులు చించుకున్న మా వాడ గుర్తొచ్చింది. ఆ గొంతులన్నీ ఈ నీళ్ల ముందు తెచ్చి నిలబెడితే ఎంతసేపు మాట్లాడకుండా ఉంటాయో అనిపించింది.

"ఒరేయ్, సచ్చినవా బతికినవా?" అని ఒడ్డు మీది నుంచి రజిత. బతికానని తెడ్డు ఊపాను. పడబోయి, ఆగాను.

పరీక్ష మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది. నా పతనాల వల్లే ఆలస్యమైంది. రజిత ఒడ్డు మీదే ఉండాలి, చెయ్యందిస్తే లెక్కకు రాదు. ప్రాణానికి కాపలాగా పెద్దబాపు తన పుట్టిలో కొంత దూరంలో ఉన్నాడు. రజిత ఫోన్‌లో వీడియో తీస్తోంది, మొదటి శిష్యుడి ఘనకార్యం చూపించి వచ్చేవాళ్లను పిలవాలని. వాళ్ల పెద్దమ్మ యాదమ్మ కూడా పొయ్యి వదిలి వచ్చి నిలబడింది.

ఎర్ర డ్రమ్ము దాకా బాగానే పోయాను. చుట్టాను కూడా, ఆరేడు తెడ్లలో కావలసిన మలుపును పాతిక తెడ్లలో. వెనక్కి తిరిగేసరికి కొండల సందులోంచి గాలి లేచింది. నిలబడ్డ మనిషి గాలికి తెరచాప. అందులో నాది వెడల్పు తెరచాప. నేను ఒడ్డు వైపు తెడ్డు వేస్తున్నాను, బోర్డు ఎడమకు పోతోంది. ఎడమ దిక్కు నీళ్ల మీద వరసగా తెల్లటి థర్మకోల్ ముక్కలు. పొద్దున్నే వేసిన వల బెండ్లు అవి. కుడి చేతి వైపు తిప్పాలంటే ఎడమ పక్కన గట్టిగా తెడ్డు వేయాలి. వేశాను. చేతులు మంట పుట్టేదాకా వేశాను. ఒడ్డు దగ్గరికొచ్చింది, రజిత గాజులు కనపడేంత దగ్గరికి. బెండ్లు ఇంకా దగ్గరికొచ్చాయి.

తర్వాత ఒడ్డు మీదివాళ్లు చూసింది, వీడియోలో ఉన్నది ఇది: శ్రీకాంత్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. పక్కకు ఒరిగాడు. బోర్డుతో సహా బోల్తా కొట్టాడు. తెల్లటి బోర్డు, బోర్ల పడి, నల్ల రెక్క ఆకాశంలోకి పెట్టుకుని, బెండ్ల మీదుగా అలా జారి ఆగింది.

"పడ్డడు," అంది యాదమ్మ, ఈసారి భర్త మాట తాను అందుకుని.

పెద్దబాపు పుట్టి తోలుకుని వచ్చాడు. ముందు నన్ను పట్టుకుని చూశాడు, ఊపిరుందని తేలాక వలను చూశాడు. బెండ్ల వెంట చెయ్యి పెట్టి, పైతాడు ఎత్తి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. నేను లైఫ్ జాకెట్‌లో గుమ్మడికాయలా తేలుతూ, ఆయన మొహం వైపు చూస్తున్నాను. ఒడ్డున రజిత ఫోన్ దించేసింది.

"కాళ్లు గట్ల కడుపుల ముడుచుకున్నవెందుకు?" అన్నాడు.

"సలి పెట్టింది పెద్దబాపూ."

"ఎండల సలా," అన్నాడు. నన్ను ఒంటి చేత్తో పుట్టిలోకి లాగాడు, బర్రెదూడను లాగినట్టు.

ఒడ్డుకొచ్చాక రజిత నా మీద పడింది. "ఇంకొక్క నిమిషం నిలబడితే ఒడ్డు తాకేటోనివి గదరా. వీడియోల మొత్తం బోల్తానే. ఎవడొస్తడిక?" కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కోపం కాబట్టి కనపడవనుకుంది.

"ఆపు బిడ్డా," అన్నాడు పెద్దబాపు. "నిలబడుడు నీ లెక్క. వల నా లెక్క. నా లెక్కల ఒక్క కన్ను తెగలే. ఆదివారాలు కట్ట పక్క జాగల నేర్పుకో. బెండ్ల దిక్కు మాత్రం ఎవన్నీ రానియ్యకు."

రజిత నా వీపు మీద ఒకటి చరిచింది, అది ఆనందమని నేను అర్థం చేసుకున్నాను.

యాదమ్మ చింతపులుసు పోసి వండిన చేపల కూర, జొన్నరొట్టె. డబ్బులిస్తానంటే గరిటె చూపించింది. అందరం కూర్చున్నాక పెద్దబాపు గిన్నెలో వెతికి, చేప తలకాయ తీసి నా పళ్లెంలో వేశాడు. ఆ ఇంట్లో తలకాయ ఎప్పుడూ ఆయనదేనట. యాదమ్మ ఆయన మొహం చూసింది. ఆయన ముల్లు తీసుకుంటూ ఉండిపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూస్తే, సీటు కూడా నీళ్ల మీద ఊగుతున్నట్టే ఉంది. ఇప్పటికి మూడు ఆదివారాలు వెళ్లాను. ఇంకా పడుతున్నాను, తక్కువగా. కానీ తలకిందుల కొండ శిఖరం మీద ఆగిన ఆ మొదటిసారి మళ్లీ రాలేదు, రాదని కూడా తెలుసు. నాకు ఇన్నాళ్లూ నీళ్లంటే మోసుకొచ్చేవి, దాచుకునేవి, సరిపోనివి. అవి మనిషిని మోస్తాయని, అదీ నాలాంటి మనిషిని, ఒక్క మాట అనకుండా మోస్తాయని కాళ్లతో తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

వెళ్లేవాళ్లకు ఒకే సలహా. ఏడు గంటలకల్లా నీళ్ల మీద ఉండండి, గాలి లేచేలోపు తిరిగి రండి. రాలేకపోతే, బెండ్ల మీదికి కొట్టుకుపోతుంటే, మోకాళ్ల మీద కూర్చుని, బోర్డు అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కాళ్లు వలకు తగలకుండా ముడుచుకుని, బోర్డును మీతోపాటే తిప్పేయండి. రెక్క పైకి వస్తుంది, వల బతుకుతుంది. ఇది పనిచేస్తుందని నాకెలా తెలుసంటారా? ఆ ఉదయం నేను చాలాసార్లు పడ్డాను. చివరిసారి మాత్రం పడలేదు. దిగాను.