జలుబు చేసిన ముడి

మొన్న దోహా పక్కన లుసైల్‌లో పని ముగించుకుని వస్తూ, మంచినీళ్ల సీసా కోసం కొత్త సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లి, ఎర్రగా ముడతలు పడ్డ పండ్లున్న చిన్న గాజు సీసా ఒకటి కొనుక్కొచ్చాను. ఉప్పులో ఊరబెట్టిన జపాన్ ఆల్‌బుకరా పండ్లు. గదిలో నాతో ఉండే నిజామాబాద్ తమ్ముడు ఒకటి నోట్లో వేసుకుని, ఒక కన్ను మూసి, తరవాత రెండోది కూడా మూసి, "అన్నా, ఇది ఖరాబైంది" అన్నాడు. ఖరాబు కాలేదు, దాని రుచే అంత. నేనూ ఒకటి నాలుక మీద పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను. గుండె బరువెక్కి అనుకునేరు, పులుపు.

తొంభైల చివరి సంగతి. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. నేను కంపెనీ డ్రైవర్‌ని. ఉత్తరాన గ్యాస్ ప్లాంటు కడుతున్న చోటికి రోజూ ఒక జపాన్ ఇంజనీరుగారిని తీసుకెళ్లి తీసుకురావడం నా డ్యూటీ. అరవైకి దగ్గర పడ్డ మనిషి. అరబ్బీలో ఆయనకు వచ్చిన మాట ఒక్కటే, యల్లా. పొద్దున్నే కారెక్కి తల వంచి మరీ యల్లా అనేవారు. నన్ను అంత మర్యాదగా తొందరపెట్టినవాళ్లు మళ్లీ తగల్లేదు. దారికి రెండు వైపులా ఇసుక తప్ప చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి ఆయన తన ఊరు చూసుకునేవారు. ఎడమ వైపు ఇసుక చూపించి అక్కడ ఏరు అనేవారు. కుడి వైపు దేవదారు కొండ. ఆ కరెంటు స్తంభం దగ్గర మా అక్క ఇల్లు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం గంటసేపు ఆ ఊళ్లో తిరిగి, ప్లాంటు గేటు దగ్గర దిగేవాళ్లం.

ఆయన చెమట తుడుచుకునే రుమాలు ముదురు నీలం, దాని మీద బియ్యం చల్లినట్టు తెల్లని చుక్కలు. మొదటి రోజే గుర్తుపట్టాను. అచ్చు వేసిన చుక్కకు అంచు నిక్కచ్చిగా ఉంటుంది. నూలుగా ఉన్నప్పుడే ముడి కట్టి, రంగులో ముంచి, తరవాత నేసిన చుక్కకు అంచు కాస్త చెదురుతుంది. ఈ ముడులు కట్టే పనిని మా నల్లగొండ వైపు చిటికి అంటారు. మాది అదే పని చేసే ఇల్లు. నాది ఎడమచేతి వాటం. నేను కట్టిన ముడి ఎప్పుడూ ఒక పక్కనే వదులై, రంగు అటు నుంచి లోపలికి కారేది. మా నాయిన అది చూసి "నీ ముడికి జలుబు చేసిందిరా" అనేవాడు. ఆ గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని బతకడం నా వల్ల కాదని ఒకరోజు చెప్పేసి, స్టీరింగ్ నేర్చుకుని ఖతర్ వచ్చేశాను. ఆ రోజు నుంచి నాయిన నాతో మాట మానేశాడు. ఫోన్ చేస్తే ఎస్టీడీ బూత్‌లోకి అమ్మ ఒక్కతే వచ్చేది. ఆయన బయట సైకిల్ పట్టుకుని నిలబడేవాడట. అలా రెండేళ్లు. మీవాళ్లేం చేస్తారని ఇంజనీరుగారు అడిగితే వ్యవసాయమని చెప్పాను. నేత అంటే ఎందుకు వదిలావని అడుగుతారు. వ్యవసాయం వదిలినవాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

రెండేళ్లకు నాకు నెల సెలవు వచ్చేసరికి ఆయన పని కూడా అయిపోయింది. ఇన్నాళ్లూ ఇసుకలో చూపించాను, ఒకసారి నీళ్లతో చూపిస్తాను, వస్తావా అన్నారు. టికెట్ ఆయనదే. దేశం దాటాలంటే కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, సంతకం కావాలి. ఆఫీసులో గుమస్తా కాగితం చూసి, జపాన్‌లో ఏం డ్యూటీ అన్నాడు. చుట్టపుచూపు అన్నాను. నన్ను నమ్మడం కన్నా స్టాంపు కొట్టడమే తేలికనుకుని కొట్టేశాడు. నా లెక్క వేరే ఉంది, జపాన్‌లో పది రోజులు, ఊళ్లో ఇరవై. మాట్లాడని మనిషి ఎదుట ముప్పై రోజులు కూర్చోవడం కన్నా ఇరవై రోజులు నయం.

రెండు రైళ్లు, ఒక బస్సు. బస్సు మలుపు తిరగ్గానే ఏరు ఎడమ వైపే ఉంది, చెప్పినట్టే. ప్రతి ఇంటి చూరుకూ తొక్క తీసిన నారింజరంగు పండ్లు దండలుగా వేలాడుతున్నాయి. మా అడవి తునికి పండ్లకు పెద్దన్నల్లా ఉన్నాయి. గాలిలో కట్టెల పొగ, తడి ఆకుల వాసన. ఇంజనీరుగారి అక్కగారికి డెబ్బై దాటాయి, నా భుజం దాకా కూడా రాదు. ఏటి చేపలను పుల్లలకు గుచ్చి, ఉప్పు రాసి, నిప్పుల చుట్టూ నిలబెట్టి కాల్చింది. సేమ్యా లాంటిదేదో చల్లటి పులుసులో ముంచి, చప్పుడు చేస్తూ జుర్రుకోవాలని చూపించింది. ఆ చప్పుడుకే చిన్నప్పుడు మా ఇంట్లో నాకు దెబ్బలు పడ్డాయి. దోహా నుంచి తీసుకెళ్లిన మామిడికాయ పచ్చడి ఆవిడ పుల్ల కొసతో రుచి చూసి, మూడు గ్లాసుల నీళ్లు తాగి, మర్నాడు పొద్దున నా పళ్లెంలో ఒక ఎర్ర ఆల్‌బుకరా పండు పెట్టి ఎదురుగా కూర్చుంది. చెల్లుకు చెల్లు.

ఆ ఇంట్లో అతిథి పని ముట్టుకోకూడదు. కప్పు కడగబోయినా లాక్కునేది. మూడో రోజు మధ్యాహ్నానికి నా చేతులు నాకే అడ్డం వచ్చాయి. ఆవిడ చూరు కింద ఎండుతున్న పండ్లను మెత్తబడేలా నలపడానికి వెళ్లింది. వసారాలో ఆవిడ చట్రానికి బిగించిన నూలు, సగం కట్టిన ముడులు, ఇంజనీరుగారి రుమాలు పుట్టింది ఇక్కడే. మేము సైకిల్ ట్యూబు పీలికలతో కడతాం, అక్కడ నార పీలికలు, తేడా అంతే. ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదని రాస్తే బాగుంటుంది కాని, బాగా తెలుసు. కాళ్లు దింపడానికి గుంట లేక రెండుసార్లు సర్దుకుని కూర్చుని, ముడులు కట్టడం మొదలుపెట్టాను. తలెత్తేసరికి అక్కాతమ్ముళ్లిద్దరూ గుమ్మంలో ఉన్నారు.

"వ్యవసాయం?" అన్నారు ఇంజనీరుగారు.

తల వంచాను. ఆ దేశంలో తల వంచడానికి చాలా అర్థాలున్నాయి, ఏదో ఒకటి సరిపోయే ఉంటుంది. ముడులు విప్పేస్తానని సైగ చేసి చెయ్యి చాచబోతే అక్కగారు చేతిమీద ఒక్కటిచ్చింది. తరవాత నార పీలికల కట్ట నా ఒళ్లో పెట్టి పక్కన కూర్చుంది. ఆ పూట నుంచి నేను అతిథిని కాను. కప్పులు కూడా కడిగాను. ఆ నూలు నీలిమందు తొట్టిలో మునిగి, ఆరి, మగ్గమెక్కి, నేను బయల్దేరే పొద్దుటికి చిన్న తువ్వాలంత బట్టయింది. అందులో ఆవిడ చుక్కలేవో నా చుక్కలేవో నేనే పోల్చుకోలేకపోయాను. ముడి కుదిరిందని లోపల కాస్త గర్వం.

ఊరికి వచ్చాక, జపాన్ అంటే దుబాయ్‌ల ఏ దిక్కుంటదని పక్కింటి మామ అడిగాడు. అటు చివరికి అన్నాను. నాయిన మగ్గం దిగలేదు. బట్ట ఆయన పక్కన పెట్టి, జపాన్‌లో ఒక పెద్దమ్మ నేసిందని గోడకు చెప్పినట్టు చెప్పాను. చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత చేతులు పంచెకు తుడుచుకుని, బట్టను వెలుతురుకు పట్టి, బొటనవేలితో అంచు నుంచి అంచుకు తడుముతూ పోయాడు. మధ్యలో ఆవిడ పనికి రెండుసార్లు తల ఊపాడు. ఒకచోట వేలు ఆగింది.

"గీడ జలుబు చేసింది."

రెండేళ్ల తరవాత మొదటి మాట. నేను చాలా గొప్ప జవాబు చెప్పి ఉంటానని మీరు అనుకుంటారు. "ఆడ సలి ఎక్కువ, నాయినా" అన్నాను. ఆయన నవ్వలేదు. కూర్చున్న పలక మీద కొంచెం పక్కకు జరిగాడు.

ఆ ఇరవై రోజులూ గుంటలో కాళ్లు పెట్టుకునే ఉన్నాను. నేతకు తిరిగి వచ్చేశానని రాస్తే కథ నిండుగా ఉండేది. ఇరవై ఒకటో రోజు విమానం ఎక్కాను. కాకపోతే ఆ తరవాత ఎస్టీడీ బూత్‌లోకి ఇద్దరూ వచ్చేవారు. ఇంజనీరుగారి దగ్గర్నుంచి కొన్నేళ్లు కొత్త సంవత్సరం కార్డు వచ్చింది, తరవాత రాలేదు. ఆ బట్ట నాయిన భుజం మీదే చివరిదాకా ఉంది. ఇప్పుడు ఉత్తరాన ప్లాంటుకు వెళ్లే దారిలో మేడలు లేచాయి. ఎడమ వైపు ఇసుక మాత్రం ఇంకా కాస్త మిగిలింది, వెళ్తూ వస్తూ అటు చూస్తుంటాను, ఏరు కోసం. మిగతా ఏళ్లన్నీ రంగుతొట్టిలో మునిగి ఒకటే రంగుకు వచ్చాయి. జపాన్‌లో గడిపిన ఆ పది రోజులు మాత్రం ముడి కట్టినట్టు తెల్లగా మిగిలాయి, కట్టింది నేనే కాబట్టి ఒక పక్క కాస్త కారుతూ.